నాలుగో కాలు

మిషన్ మూత తీసేటప్పుడు పక్కన ఎవరూ కూర్చోకూడదన్నది సిస్టమ్ అబ్బాయి పెట్టుకున్న నియమం. దుమ్ము లేస్తుందని పైకి చెప్పేవాడు. అసలు సంగతి వేరు. పక్కన కూర్చున్నవాళ్లు ప్రతి వైరునీ చూపించి ఇదేంటి, అదేంటి అని బుర్ర తినేస్తారు. కానీ ఆ రోజు రిపోర్టుల పిన్ని కదల్లేదు. కుర్చీలోంచి లేచి పక్కనున్న స్టూలు మీదికి మారిందంతే. కుర్చీలో వేసుకునే పాత దిండు కూడా తీసి ఒళ్లో పెట్టుకుంది.

“నీ పని నువ్వు కానీయ్ నాయనా. తుమ్మొచ్చినా అటు తిరిగే తుమ్ముతాను,” అంది.

నడినెత్తి పలచబడి, కళ్లజోడు కూడా వచ్చాక అతన్ని అబ్బాయి అనడంలో అర్థం లేదు. అయినా కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి అంతా అలాగే పిలుస్తారు. ఆవిడ పరిస్థితీ అదే. ఆ రక్తపరీక్షల ల్యాబ్‌లో ఊడ్చే మనిషి నుంచి యజమాని దాకా అందరికీ ఆవిడ పిన్నే. యజమాని ఆవిడకంటే ఏమంత చిన్నవాడు కాడు, అది వేరే విషయం. లోపలి గదిలో పరీక్షలు చేసి చీటీల మీద రాసి పంపిన అంకెల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, రిపోర్టు తీసి, కిటికీలోంచి జనానికి అందించడం ఆవిడ పని. కిటికీ అవతల ఎప్పుడూ పదిమంది నిలబడే ఉంటారు. వాళ్లలో ఒక్కడి ముఖంలోనూ నవ్వుండదు.

కిటికీ దగ్గర గోల ఎక్కువైనప్పుడల్లా యజమాని తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. కోప్పడడం ఆయనకి చేతకాదు. నవ్వేవాడు. “పిన్నిగారూ, ఆలస్యం మీదా, మిషన్‌దా?” అని అందరూ వినేట్టు అడిగేవాడు. “మిషన్‌దే బాబూ,” అనేది ఆవిడ. ఈ వేళాకోళం చాలాకాలంగా నడుస్తోంది. ఈ మధ్య మాత్రం నవ్వు తగ్గించి, “సరే, ముందు సర్వీసింగ్ చేయిద్దాం. ఆ తర్వాత చూద్దాం,” అన్నాడు. ఆ ‘తర్వాత చూద్దాం’ అన్నమాట ఆవిడకి రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. ఈ వయసులో ఈ కుర్చీ పోతే ఇంకో కుర్చీ వేసేవాడు ఎక్కడా ఉండడని ఆవిడకి తెలుసు.

“ఈ సర్వీసింగ్ నీ మిషన్‌కి అనుకుంటున్నావా? నాకు,” అంది అతనితో.

అతను నవ్వి పక్క మూత లాగాడు. లోపలి దుమ్ము చిరిగిన బొంతలా బయటికి వేలాడింది. మిషన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెనక సందులోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో ఊదాడు. మళ్లీ తెచ్చి బల్లమీద పడుకోబెట్టి, ఇరుకు మూలల్ని బ్రష్‌తో దులిపాడు. ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యాను నాలుగు ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబడుతుంది. ఆ కాళ్లని తిప్పి, పైకి లాగి, ఫ్యానుని బయటికి తీశాడు. కింద వేడిని ఫ్యానుకి అందించే పేస్టు ఎండి పెచ్చులు కట్టి ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి కొత్త పేస్టు శనగగింజంత పెట్టాడు. ఫ్యానుని మళ్లీ దాని చోట కూర్చోబెట్టి ఒక మూల బొటనవేలితో నొక్కాడు. టక్‌మంది.

“అదేంటి నాయనా, విరిగిందా?”

“విరగలేదు పిన్నీ. టక్‌మంటే కాలు కింద పట్టుకుందని గుర్తు. నాలుగూ పట్టుకుంటేనే ఫ్యాను సరిగ్గా అతుక్కుని వేడి లాగేస్తుంది. లేదంటే మిషన్ వేడెక్కిపోతుంది. వేడెక్కితే తనని తాను కాపాడుకోడానికి నెమ్మదించేస్తుంది.”

“మనకంటే తెలివైందే,” అంది పిన్ని.

ఎదురు మూల కాలు టక్‌మంది. మూడోది టక్‌మంది. నాలుగోది కరెంటు వైర్ల కట్ట వెనక ఉంది. అతను వేలు వంచి కట్ట పక్కనుంచి దూర్చి నొక్కుతుండగా యజమాని గుమ్మంలోకి వచ్చాడు.

“ఏమోయ్, ఇవాళ్టితోనైనా తేలుతుందా?”

“అయిపోయింది సార్, ఇంకెంత,” అంటూ అతను తల తిప్పి లేచి నిలబడ్డాడు. యజమాని వెళ్లిపోయాక వైర్ల కట్టని సర్ది మూత పెట్టి స్క్రూలు బిగించాడు.

మిగతా పనంతా కూర్చుని చేసేదే. పాత ఫైళ్ల చెత్త తీసేశాడు. ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్న రెండు యాంటీవైరస్‌లలో ఒకదాన్ని పీకేశాడు. మిషన్ లేవగానే ఎవరూ పిలవకుండా దానంతటదే తెరుచుకునే సరంజామానంతా ఆపేశాడు. ఆపి, మళ్లీ లేపాడు. ఇంతకుముందు పిన్ని మిషన్ ఆన్ చేసి, మొహం కడుక్కుని, టీ తాగి వచ్చేదాకా లేవని మిషన్ ఇప్పుడు ఆవిడ కళ్లజోడు తుడుచుకునేలోపే లేచి కూర్చుంది. ఆవిడ ఒక రిపోర్టు కొట్టి చూసింది. చీటీ మీద స్కేలు పెట్టి, ఒక్కో అంకెకీ స్కేలుని కిందికి జరుపుతూ, తెరమీద మళ్లీ సరిచూసుకుంటూ కొట్టడం ఆవిడ పద్ధతి. ఒక్క అంకె అటూ ఇటూ అయితే అవతలి మనిషి తిండీ మందులూ మారిపోతాయని ఆవిడ భయం. బటన్ నొక్కీ నొక్కకముందే కాగితం బయటికి వచ్చేసింది.

ఆవిడ ఆ కాగితం వైపు అనుమానంగా చూసింది.

“మరీ ఇంత వేగం పెట్టకు నాయనా. కాస్త వెనక్కి లాగు. రేపట్నుంచి తప్పంతా నాదేనంటారు,” అని నవ్వింది.

అతనూ నవ్వాడు. తన పనిని ఎవరైనా అలా మెచ్చుకుంటే అతనికి ఆ రోజంతా హాయిగా ఉంటుంది. సామాను సంచీలో సర్దుకుంటూ, “గుర్రంలా పరిగెడుతుంది పిన్నీ, పట్టుకోవడం మీ వంతు,” అన్నాడు.

*

మర్నాడు భోజనాల వేళ దాటాక ఆవిడ ఫోన్ చేసింది. అతను వేరే ఆఫీసులో బల్ల కింద దూరి ఉన్నాడు.

“నాయనా, మళ్లీ మొదలుపెట్టింది. పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి నీరసపడిపోతోంది. లోపల ఫ్యాను విమానంలా మోత.”

“సర్వీసింగ్ అయ్యాక ఫ్యాను గట్టిగానే తిరుగుతుంది పిన్నీ. దుమ్ము పోయింది కదా. అన్నీ ఒకేసారి తెరిచుంటారు. ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి.”

ఆవిడ ఆపి మళ్లీ పెట్టింది. కాసేపు బాగానే నడిచింది. బాగానే ఉందని మళ్లీ ఫోన్ చేసి చెప్పింది కూడా. తనవల్ల ఇంకొకరికి శ్రమ కలిగిందంటే ఊరుకోలేని మనిషి. తర్వాత మళ్లీ నీరసపడింది. ఈసారి ఫోన్ చేయడానికి మొహమాటపడింది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర ఎవరో బల్ల గుద్దారు. యజమాని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “ఆలస్యం మీదా, మిషన్‌దా?” అని ఈసారి అడగలేదు. ఊరికే చూసి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు పొద్దున్నే సిస్టమ్ అబ్బాయికి యజమాని దగ్గర్నుంచి కబురొచ్చింది. కొత్తగా సర్వీసింగ్ చేసిన మిషన్ గురించి పిలుపు రావడం అతనికి నచ్చలేదు. చేసిన పనికి వంక పెట్టినట్టే కదా. మొహం మాడ్చుకునే వచ్చాడు. ల్యాబ్ అప్పుడే తెరిచారు. పిన్ని ఇంకా దిండు సర్దుకుంటోంది. రాత్రంతా ఆపి ఉన్న మిషన్ చల్లగా ఉంది. ఆన్ చేశాడు. క్షణంలో లేచింది. రిపోర్టు సాఫ్ట్‌వేర్ తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఎక్కడా ఆగలేదు.

“ఏం పిన్నీ, ఏమైంది దీనికి?”

“ఇప్పుడు కాదు నాయనా. మధ్యాహ్నం చూడాలి దీని వేషాలు. ఎండ ఎక్కాక.”

“మిషన్‌కి ఎండా నీడా ఏంటి పిన్నీ, అదేమైనా మనిషా?”

ఆ మాట అన్నాక అతనికి లోపలెక్కడో కాస్త గుచ్చుకుంది. వేడి గురించి తనే కదా మొన్న పాఠం చెప్పింది. మూత తీసి చూస్తే పోయేది. కానీ మూత తీస్తే, తను చేసిన పనిలో ఏదో లోపముందని తనే ఒప్పుకున్నట్టవుతుంది. పైగా అవతల ఇంకో రెండు చోట్లకి వెళ్లాలి. సంచీ విప్పనేలేదు.

యజమాని తన గదిలోకి పిలిచాడు. అక్కడ ఏసీ చల్లగా వీస్తోంది. ఆ చల్లదనం గోడ అవతలున్న రిపోర్టుల గదిలోకి పోదు. అక్కడ తిరిగేది గోడ ఫ్యాను ఒక్కటే.

“కూర్చోవోయ్. మొహమాటపడకుండా చెప్పు. తేడా ఎక్కడుంది?”

“మిషన్‌లో అయితే ఏ లోపమూ లేదు సార్.”

“అంటే?”

అతను ఆ క్షణాన ఇంకేం చెప్పాలో తోచక, వాతావరణం తేలిక చేద్దామని నోరు జారాడు. “పిన్ని మంచి సరదా మనిషి సార్. మొన్న నేను చేస్తుంటే, మరీ అంత వేగం పెట్టకు నాయనా, రేపట్నుంచి తప్పంతా నాదేనంటారు అంది.”

యజమాని పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వడం ఆపేసి పెన్ను మూతని తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

“అలా అందా?”

“సరదాకే సార్.”

“సరదాకే అంటారోయ్, ఏదైనా,” అని బెల్ కొట్టాడు.

పిన్ని వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో స్కేలు అలాగే ఉంది. అతను లేచి పోబోయాడు. యజమాని కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందంటే, వినేవాళ్లు ఏదో పండో ఫలమో ఇస్తున్నాడనుకుంటారు.

“పిన్నిగారూ, మీరు అలిసిపోయారు. ఇందులో తప్పేం లేదు, ఎవరికైనా వయసు వస్తుంది. ఇక ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోండి. కిటికీకి ఒక చిన్నమ్మాయిని చూశాను, రేపట్నుంచి వస్తుంది.”

“మిషన్ బాబూ, మధ్యాహ్నం పూట—”

“మిషన్ మాట ఈ అబ్బాయి చెప్పాడు. లోపం లేదట.” ఆయన చిరునవ్వు నవ్వాడు. “అయినా వేగం పెట్టొద్దన్నది మీరేనటగా.”

ఆవిడ అతని వైపు తిరిగింది. అతను సంచీ జిప్పు లాగాడు. లాగిన జిప్పునే మళ్లీ లాగాడు. తిడుతుందని, ఏడుస్తుందని, కనీసం ఎందుకు చెప్పావని అడుగుతుందని అనుకున్నాడు. ఆవిడ మాత్రం, ఎవరైనా చీటీలో అంకె తప్పుగా రాసి పంపితే, అది నిజంగా తప్పేనా అని ఎలా చూస్తుందో అలా చూసింది.

“సాయంత్రం దాకా ఉండనా, ఇప్పుడే వెళ్లనా?” అని మాత్రం యజమానిని అడిగింది.

“సాయంత్రం దాకా ఉండండి. కిటికీ దగ్గర జనం ఉన్నారు కదా,” అన్నాడాయన.

ఆవిడ సాయంత్రం దాకా పనిచేసింది. మధ్యాహ్నం అయ్యేసరికి మిషన్ నీరసపడింది. ఆవిడ ఎవరికీ ఫోన్ చేయలేదు.

*

ఆ రాత్రి భోజనం దగ్గర సిస్టమ్ అబ్బాయి ఈ సంగతి భార్యకి చెప్పాడు. సరదాగా చెబుదామనే మొదలుపెట్టాడు. ఆమె బట్టల షోరూములో రోజంతా నిలబడి వస్తుంది. ఇంటికొచ్చాక కాళ్లు పీట మీద పెట్టుకుని తింటుంది. వేగం పెట్టొద్దన్న మాట దగ్గర అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“పీకేశారా ఆవిణ్ణి?”

“పీకేశారని కాదు. వయసైపోయింది, విశ్రాంతి తీసుకోమన్నారు.”

“మా దగ్గర కూడా అలాగే అంటారు,” అందామె. కాసేపటికి, “ఆవిడ మధ్యాహ్నం నెమ్మదిస్తోందంది. నువ్వు పొద్దున చూశావు. అంతేనా?” అని అడిగింది.

“నువ్వెప్పుడు నేర్చుకున్నావే సిస్టమ్ పని?”

“నాకేం తెలుసు. ఊరికే అడిగా.”

అతనికి కోపం ముంచుకొచ్చింది. తన పని గురించి ఇంట్లో కూడా సంజాయిషీ ఇచ్చుకోవాలా అనిపించింది. కంచం విసురుగా జరిపి లేచాడు. చేతులు కడుక్కుంటూ బొటనవేలి వైపు చూసుకున్నాడు. మూడు చప్పుళ్లు బాగా గుర్తున్నాయి. నాలుగోది విన్నాడో లేదో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. వినే ఉంటానులే అని సర్దిచెప్పుకున్నాడు. ఇన్నేళ్ల అనుభవంలో చెయ్యే దాని పని అది చేసుకుపోతుందిలే అనుకున్నాడు. అలా అనుకున్నాక నిద్ర బాగానే పట్టింది. దాని గురించి తర్వాత అతనికి సిగ్గేసింది.

*

కొత్తమ్మాయి చేరిన రెండో రోజున, “సార్, మధ్యాహ్నం నుంచి సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది,” అంది. ఒక్కసారే అంది. యజమాని వెంటనే ఫోన్ తీశాడు. “పాపం, కొత్తపిల్ల అవస్థ పడుతోందోయ్. ఉన్నపళంగా రా,” అన్నాడు.

అతను వెళ్లేసరికి ఎండ మండిపోతోంది. కిటికీ అవతల జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. గదిలో అడుగుపెట్టగానే మోత వినిపించింది. పిన్ని చెప్పిన విమానం మోత. అతను మిషన్ పక్క మూత మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు. కొత్తమ్మాయిని కిటికీ దగ్గరికి పొమ్మన్నాడు. మిషన్ ఆపి, బల్లమీద పడుకోబెట్టి, స్క్రూలు తీసి, మూత తీసి గోడకి ఆనించాడు.

వైర్ల కట్టని పక్కకి జరిపాడు. నాలుగో కాలు రంధ్రంలో దిగకుండా, అంచు మీద ఆగి పైకి లేచి ఉంది. ఫ్యాను ఆ మూల గోరు దూరేంత ఎత్తుగా, వంకరగా నిలబడి ఉంది.

ఆ కాలిని వేలితో తాకి చూశాడు.

“బాగున్నావా నాయనా?”

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచీ. “దిండు మర్చిపోయాను. దానికోసం వచ్చా. మళ్లీ పాడైందా ఇది?”

అతను తలూపాడు. ఏ అర్థమూ లేని ఊపు. వైర్ల కట్టని వెనక్కి వదిలేశాడు.

ఆవిడ అలవాటు కొద్దీ స్టూలు మీద కూర్చుంది. కుర్చీ మీదున్న తన దిండుని తీసి దులిపి ఒళ్లో పెట్టుకుంది. “కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చా. కళ్లు బాగానే ఉన్నాయన్నాడు. అంటే చేతులేనన్నమాట. ఇంట్లో మనవరాలి చేత అంకెలు చదివించుకుని రాసి చూసుకుంటున్నా. అది చిన్నపిల్ల, బాగానే రాస్తున్నావు అంటుంది. నాకే నెమ్మదిగా ఉన్నట్టనిపిస్తోంది. కూర తరుగుతున్నా అదే ధ్యాస, ఆలస్యం చేస్తున్నానా అని.” కిటికీ దగ్గర కొత్తమ్మాయి జనానికి సర్దిచెప్పుకోవడం విని గొంతు తగ్గించింది. “ఇన్నేళ్లూ నా తప్పు తెచ్చి ఈ మూగదాని మీద వేశానేమో నాయనా. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పావు. నీ మీద కోపం లేదు, ఆ మాట చెబుదామనే అనుకున్నా.”

మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. చిన్న మాటే. తప్పు నాది పిన్నీ, అంటే చాలు. సరిగ్గా అప్పుడే యజమాని గదిలోంచి వచ్చాడు. పిన్నిని చూసి చేతులు జోడించి నవ్వి, అతని వైపు తిరిగాడు.

“ఏం తేలిందోయ్?”

“దుమ్ము సార్,” అన్నాడు అతను.

“ఈ నాలుగు రోజుల్లోనేనా?”

“ఈ గది అలాంటిది సార్. గాలి ఆడదు.”

“మరి కొత్తపిల్ల ఎలా పనిచేస్తుంది? ఏసీ పెట్టించాలయితే,” అనుకుంటూ ఆయన వెళ్లిపోయాడు.

అతను ఫ్యాను తీసి, చెదిరిన పేస్టు తుడిచి, కొత్తది పెట్టాడు. మూడు కాళ్లు పట్టుకున్నాయి. వైర్ల కట్టని ఎడమచేత్తో పక్కకి లాగిపట్టి నాలుగోదాని మీద బొటనవేలు పెట్టాడు. చప్పుడు రాకుండా మెల్లగా దించుదామని చూశాడు. అది అలా దిగే వస్తువు కాదు. గట్టిగా నొక్కక తప్పలేదు.

టక్‌మంది.

పిన్ని దిండు మీదున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ఫ్యాను వంక చూసింది. వైర్ల కట్ట వంకా, దాన్ని లాగిపట్టుకున్న అతని చేతి వంకా చూసింది.

“మొన్న మూడే విన్నాను,” అంది చివరికి. “నాలుగోది నాకే వినిపించలేదనుకున్నా. చెవులు కూడా పోతున్నాయి కాబోలు అనుకున్నాను నాయనా.”

అతను తలెత్తలేదు. యజమాని గది తలుపు ఓరగా తెరిచే ఉంది. ఇక్కడ గట్టిగా ఒక్క మాట అంటే అక్కడ వినిపిస్తుంది. ఆవిడ అటు చూసింది, ఇతని వైపు చూసింది, ఆగింది. ఆ కాస్సేపటిలో అతను వైర్ల కట్టకి కొత్త క్లిప్పు వేశాడు. వేసిన క్లిప్పుని సరిచేశాడు.

“సార్, ఇంకెంతసేపు?” అని కిటికీ దగ్గర్నుంచి కొత్తమ్మాయి అడిగింది.

పిన్ని లేచింది. దిండుని సంచీలో కుక్కుకుంది. వంగి, గోడకి ఆనించి ఉన్న మూతని రెండు చేతులా తీసి అతనికి అందించింది.

“బిగించు. అవతల జనం నిలబడి ఉన్నారు,” అంది.

అతను మూత పెట్టి స్క్రూలు బిగించాడు. మిషన్ ఆ సాయంత్రం దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది.